మా ఇంట్లో పుటప్పు

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాలకు కొదవుండదు. గొప్పకు చెప్పడం లేదు, మొరపెట్టుకుంటున్నానంతే. మేం పేరు కూడా వినని ఊళ్ల నుంచి, అవ్వ వేళ్లు మడిచి లెక్కగడితే గానీ వరస తేలని మనుషులు వచ్చేవాళ్లు. "మేం మీ తాత వాళ్ల చిన్నాయన కూతురి వైపు" అంటూ గడప దాటేవాళ్లు. అవ్వ ఆ లెక్క తేల్చేలోగా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేసేది.

మా ఇల్లు గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, ఎదురుగా రిక్షా వస్తే గోడకు అతుక్కుని దారివ్వాల్సినంత సన్నటి సందులో ఉండేది. ముందర వసారా, లోపల రెండు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో ఒక బోరింగు, పైన మిద్దె. రైల్వే స్టేషన్ వెనక దేవస్థానం సత్రాలు లేకపోలేదు. కానీ మన అనుకున్నవాళ్లు తిరుపతికి వచ్చి సత్రంలో దిగితే ఇంటివాళ్లకు తలవంపులు. "వాళ్లు సత్రంలో దిగినారంటే మన మొగం యాడ పెట్టుకునేది?" అనేది అవ్వ. అవ్వ మొగం కోసం అమ్మ నడుం వంగేది.

ఎండాకాలం సెలవుల్లో అయితే చెప్పక్కర్లేదు. సాయంత్రం కాగానే నేనూ తమ్ముడూ మిద్దె మీద బిందెలతో నీళ్లు చల్లేవాళ్లం. వేడి దిగాక చాపలు పరిచేవాళ్లం. ఎనిమిది చాపలుండేవి మా ఇంట్లో, ఎనిమిదీ ఎప్పుడూ చాలేవి కావు. తెల్లవారుజామున మూడింటికే కొండకు పోయేవాళ్ల హడావుడి. వాళ్లు అలిపిరి దారి పట్టాక కాస్త కునుకు తీద్దామంటే, ముందురోజు పోయినవాళ్లు గుండ్లకు గంధం పూసుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ దిగొచ్చి వేన్నీళ్లు అడిగేవాళ్లు. కల్యాణి డ్యాంలో నీళ్లు అడుగంటిన ఏడాది కొళాయి రోజు విడిచి రోజు వచ్చేది. చుట్టాలు మాత్రం రోజూ వచ్చేవాళ్లు. ఒక్క మేలుందిలెండి, మా ఇంట్లో లడ్డు లేని రోజు నాకు గుర్తు లేదు.

ఉత్తరం రాగానే అమ్మ అడిగే మొదటి మాట ఒకటే. "ఎంతమందంట?" ఎవరు, ఎందుకు, ఏ ఊరు అన్నవి తర్వాత సంగతులు. బియ్యం కొలిచేది మనుషుల లెక్కను బట్టి గానీ పేర్లను బట్టి కాదు కదా.

ఇక మా నాయన. ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆయన రోజూ ఇంటికి మోసుకొచ్చే ఇంగ్లీషు మాటల్లో నాకు బాగా తగులుకున్నది 'పుటప్'. "ఆ ఫైలు ఈ పొద్దు పుటప్ చేసేసినా", "పుటప్ చేసి వారమైంది, ఇంకా కిందికి దిగలా" అనేవాడు అన్నం తింటూ. చాలా కాలం అది తెలుగు మాటే అనుకున్నాను. పప్పు, ఉప్పు, పుటప్పు. ఆదివారాలు కొన్ని ఫైళ్లు ఇంటికి తెచ్చుకునేవాడు. అట్ట మీద ట్యాగు కట్టి, లోపల పచ్చ కాగితాలతో. వాటి పక్క మార్జిన్లో పై అధికారి చేతిరాత. 'ప్లీజ్ పుట్ అప్.' 'పుట్ అప్ ఆన్ ఫిఫ్టీన్త్.' అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించేది 'పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్'. పాత కాగితాలను కూడా జతచేసి నా ముందు పెట్టండి అని. గుమాస్తా బల్ల నుంచి సూపరింటెండెంటుకు, అక్కడి నుంచి అధికారికి ఫైలు పైకి పోతుంది కాబట్టి 'అప్' అన్నారని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. 'విత్' అంటే 'తో సహా'. అప్పటికి నేను తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో నాకు ఎదురులేదని నా నమ్మకం, మా నాయన నమ్మకం కూడా.

1985 ఏప్రిల్లో బొంబాయి నుంచి ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. నాయనకు మేనమామ కొడుకు, నాకు మామ వరస. చిన్నప్పుడే బొంబాయి పోయి అక్కడే చదువుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ రాయలేడు, చదవలేడు. అందుకని ఉత్తరమంతా ఇంగ్లీషే. అందులో ఒక వాక్యం దగ్గర మేమందరం ఆగిపోయాం. 'కుడ్ యు పుట్ అస్ అప్ ఫర్ టూ నైట్స్?'

"పుట్‌కూ అప్‌కూ నడుమ ఈ అస్ ఏందే?" అన్నాడు నాయన. ఇరవై ఏళ్ల సర్వీసులో పుట్‌ను, అప్‌ను విడదీసిన అధికారి ఆయనకు తగల్లేదు మరి. కాసేపు చూసి, "రెండు రాత్రులు మన ఇంట్లో ఉండచ్చునా అని అడుగుతా ఉండాడు. బొంబాయి ఇంగ్లీషు" అని తేల్చేశాడు.

"ఎంతమందంట?" అంది అమ్మ.

ఐదుమంది.

జవాబు రాసే పని నాకు అప్పగించారు. మొదట నోట్‌బుక్కు కాగితం మీద చిత్తు రాయాలి, నాయన చూసి సరేనంటే ఇన్‌లాండు మీదికి ఎక్కించాలి. ఇంట్లోనూ ఆఫీసు పద్ధతే. మామ వాడిన మాటనే నేనూ వాడి మెప్పించాలనుకున్నాను. కానీ ఆ నడుమ దూరిన 'అస్' నాకు నచ్చలేదు. తప్పేమో అనిపించింది. నాకు తెలిసిన ఒప్పు నాయన ఫైళ్లలో ఉంది. కాబట్టి ఇలా రాశాను: 'వి ఆర్ వెరీ హ్యాపీ టు పుట్ అప్ విత్ యు ఫర్ టూ నైట్స్.' ఒక్క వాక్యంతో ప్రేమ చాలదనిపించి ఇంకొకటి చేర్చాను: 'మై మదర్ విల్ ఆల్సో పుట్ అప్ విత్ యు.'

నాయన రెండుసార్లు చదివాడు. కామా ఒకటి పెట్టాడు. కింద అలవాటు కొద్దీ చిన్న సంతకం గీకి, "భేష్" అన్నాడు.

ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఈపాటికి నవ్వుకుని ఉంటారు. రానివాళ్ల కోసం చెబుతాను. 'పుట్ అప్ విత్' అంటే భరించడం, ఓర్చుకోవడం, గత్యంతరం లేక సర్దుకుపోవడం. 'మిమ్మల్ని రెండు రాత్రులు భరించడానికి మాకు మహా సంతోషం. మా అమ్మ కూడా మిమ్మల్ని భరిస్తుంది.' ఇదీ నేను బొంబాయికి పంపిన ఆహ్వానం.

మే రెండో వారంలో వాళ్లు రేణిగుంటలో బండి దిగి, బస్సులో తిరుపతి వచ్చి, సందు మొదట్లో జట్కా దిగారు. మామ సంచులు కింద పెట్టకుండానే, "ఏం కోడలా! రెండు రాత్రులేనా మమ్మల్ని భరించేది? మూడో రాత్రి మెడబట్టి గెంటుతావా?" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. మామ వసారాలో కూర్చుని, మంచినీళ్లు తాగి, వాక్యం వాక్యం విడమరిచి చెప్పాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. నాయన ముఖం మొదట ఎర్రబడి, తర్వాత నల్లబడి, చివరికి అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు. అది నిజంగా నవ్వో, పరువు కాపాడుకోవడానికో ఇప్పటికీ చెప్పలేను. ఆ చిన్న సంతకం ఆయన్ని కొంతకాలం వెంటాడింది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమిటని అడిగింది. చెప్పారు. ఆమె నవ్వలేదు.

"ఉన్న మాటే గదా బిడ్డ రాసింది" అని లోపలికి పోయింది.

రెండు రాత్రులు ఆరు రాత్రులయ్యాయి, అది వేరే కథ. ఆ ఆరు రోజులూ మామ నన్ను చూసినప్పుడల్లా "భరిస్తా ఉండావా కోడలా?" అని అడిగాడు.

వాళ్లు పోయిన మర్నాడే నాయన నన్ను మా వీధి చివర అయ్యోరి దగ్గరికి పంపాడు. ఆయన ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయినవాడు. సాయంత్రాలు అరుగు మీద పడక కుర్చీ వేసుకుని, పంచె మోకాళ్ల దాకా లాక్కుని కూర్చునేవాడు. ఫీజు తీసుకునేవాడు కాదు గానీ, కొట్టు నుంచి నశ్యం తెచ్చిపెట్టాలి. నా ఉత్తరం సంగతి విని నవ్వుతాడని భయపడ్డాను. ఆయన నవ్వలేదు సరికదా, చాలా మంచి తప్పు అన్నాడు. తప్పుల్లో మంచివి కూడా ఉంటాయని నాకు తెలిసింది అప్పుడే.

"ఆ 'అస్' నడుమ ఎందుకొచ్చిందో చెప్పు" అన్నాడు. తెలియదన్నాను. ఆయన లేచి తన ఇంటి వాకిలి రెండు తలుపులూ తెరిచాడు. "ఇది పుట్. అది అప్. అస్, యు, హిమ్, దెమ్ వంటి పొట్టి మాటలు వస్తే ఈ రెండు తలుపుల నడుమ నుంచే లోపలికి రావాల. పుట్ అప్ అస్ అనకూడదు. పేరు పెట్టి చెబితే మాత్రం ఎట్లైనా అనొచ్చు. పుట్ అప్ ద గెస్ట్స్ అన్నా సరే, పుట్ ద గెస్ట్స్ అప్ అన్నా సరే." తర్వాత తలుపులు మూసి నన్ను అరుగు కింద నిలబెట్టాడు. "ఇప్పుడు విత్ వచ్చింది. పుట్ అప్ విత్ మూడూ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి, నడుమ ఎవర్నీ రానియ్యవు. మనిషి ఎవరైనా బయటే, చివర్లోనే నిలబడాల. నడుమ చోటిస్తే చుట్టం, చివరికి తోస్తే భారం. మర్చిపోతావా?"

మర్చిపోలేదు. నలభై ఏళ్లయింది.

ఆ వేసవంతా అయ్యోరు ఆ ఒక్క మాటనే పట్టుకుని నన్ను ఊరంతా తిప్పాడు, అరుగు మీది నుంచి కదలకుండానే. వీధిలో పెళ్లి పందిరి వేస్తుంటే, "అది పుట్ అప్" అనేవాడు. గుడి గోడ మీద ఉత్సవం నోటీసు అంటిస్తే అదీ పుట్ అప్. బస్సు చార్జీ పెంచినా పుట్ అప్పే. క్లాసులో చెయ్యెత్తడం పుట్ అప్. ఓడిపోయినా గట్టిగా పోరాడితే పుట్ అప్ ఎ గుడ్ ఫైట్. మా తమ్ముణ్ణి ఎగదోసి పక్కింటి పెరట్లో మామిడికాయలు కోయించి దొరికిపోయిన రోజు, మా అవ్వ తిట్లు వినబడుతుంటే అయ్యోరు తాపీగా, "యు పుట్ హిమ్ అప్ టు ఇట్" అన్నాడు. ఉసిగొల్పడం అన్నమాట. విత్ బదులు టు వస్తే అర్థం అంత దూరం పోతుంది. ముందే కూడబలుక్కుని ఆడే నాటకానికి పుటప్ జాబ్ అని పేరు. మా అవ్వకు ఆ మాట తెలిసుంటే ఆ రోజు వాడేది.

ఎన్నికల్లో అభ్యర్థిని దింపడం కూడా పుట్ అప్పే. 1983లో ఎన్టీ రామారావు తిరుపతి నుంచి కూడా పోటీ చేసి గెలిచిన వేడి అప్పటికింకా పోలేదు. అయ్యోరు ఆ సంగతి ఎత్తి, "పార్టీ మనిషిని నిలబెడుతుంది అంటాం గదా మనం? నిలబెట్టు. అందులో ఏముంది చూడు" అన్నాడు. పెట్టు ఉంది. పెట్టు అంటే పుట్.

అక్కడి నుంచి ఆయనకు పూనకం వచ్చినట్టయింది. కనిపెట్టు, వదిలిపెట్టు, దాచిపెట్టు, మొదలుపెట్టు, తాకట్టుపెట్టు, చీవాట్లు పెట్టు, ముద్దు పెట్టు. "కని వేరు, పెట్టు వేరు. రెండూ కలిస్తే పుట్టే అర్థం ఆ రెండింట్లోనూ లేదు. కనిపెట్టు అంటే కొత్తది కనుక్కోవడం, కనిపెట్టుకుని ఉండు అంటే కాచుకుని ఉండడం. తెల్లోడు తోక వెనక తగిలిస్తాడు, మనం ముందు తగిలిస్తాం. అంతే తేడా. ఇంక నువ్వు ఇంగ్లీషుకు భయపడేదేముంది?" ఇలాంటి జంట క్రియలకు ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బ్ అని పేరు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన ఆ పేరును వాడుకలోకి తెచ్చి, దాన్ని తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పుకున్నాడు. ఇది నేను చాలా తర్వాత చదివి తెలుసుకున్నది. అయ్యోరు ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు, 'తోక క్రియలు' అనేవాడు. నాకిప్పటికీ అదే మెరుగనిపిస్తుంది.

చర్చిల్ జోకు కూడా ఆయన దగ్గరే విన్నాను. వాక్యాన్ని విత్ లాంటి మాటతో ముగించకూడదని ఎవరో పట్టుబడితే, 'దీన్ని నేను భరించను' అనేదాన్ని 'అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్' అని తోకను ముందుకు లాగి వెక్కిరించాడట. అయ్యోరు ఆ వాక్యాన్ని కచేరీలో పల్లవి పాడినట్టు మళ్లీ మళ్లీ అనేవాడు. చర్చిల్ ఆ మాట అన్నట్టు రుజువు లేదంటారు. పోనీలెండి, అయ్యోరు అన్నాడు, నేను విన్నాను.

ఇంతకీ ఆయన చెప్పినవాటిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఊరగాయ. పళ్లనూ కూరగాయలనూ సీసాల్లో నిలవ చేసుకోవడాన్ని అమెరికా వాళ్లు పుట్ అప్ అంటారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే అమ్మ చేతులకు పసుపు నూనెతో, ముందర జాడీ పెట్టుకుని కూర్చునుంది. "ఏం చేస్తా ఉండావు మా?" అన్నాను. "చూస్తే తెలీలా? ఊరగాయ పెడతా ఉండా" అంది. ఆ మాటకు నేను ఎందుకు గంతులేస్తున్నానో ఆమెకు అర్థం కాలేదు. తర్వాత విడమరిచి చెబితే, "అయితే మీ నాయన ఆఫీసులో ఫైళ్లు పుటప్పు, నేనింట్లో ఊరగాయలు, చుట్టాలు పుటప్పు. నాకెవరిస్తారు జీతం?" అంది. నాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఒక్కటి మాత్రం అయ్యోరు చెప్పలేదు, నాకు నేనే కనిపెట్టాను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను మనం "యాడ దిగినారు?" అని అడుగుతాం. ఇంగ్లీషులో అదే 'వేర్ ఆర్ యు పుట్ అప్?' వాళ్లు పైకి పెడతారు, మనం కిందికి దిగుతాం. బండి మీద నుంచి దిగడం, మూట దించడం, అలసట దించుకోవడం, అన్నీ ఆ దిగడంలో ఉన్నాయి. పాతకాలంలో ఇంగ్లీషువాళ్లు గుర్రాన్ని తీసుకుపోయి కొట్టంలో కట్టేయడాన్నీ పుట్ అప్ అనేవాళ్లట. మనం మనిషి వైపు నుంచి చూశాం, వాళ్లు గుర్రం వైపు నుంచి చూశారేమో. అయ్యోరితో అంటే నశ్యం పీల్చి, తుమ్మి, "ఊఁ" అన్నాడు. అది మెప్పుకోలే అనుకున్నాను.

తర్వాత సంగతులు అందరి ఇళ్లలో జరిగేవే. నా చదువయింది, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చేరిన మొదటి రోజు పక్క సీటతను "వేర్ ఆర్ యు పుట్ అప్?" అని అడిగితే నాకు నవ్వాగలేదు. అతను నొచ్చుకున్నాడు. ఇంగ్లండులో పాతబడిన ఈ ప్రశ్నను మనవాళ్లు ఎంత భద్రంగా నిలవ పెట్టుకున్నారో అతనికి వివరించబోయి మరింత చెడగొట్టాను. అవ్వ పోయింది, తర్వాత కొన్నేళ్లకు అయ్యోరు. నాయన రిటైరయిన రోజు ఇంటికొచ్చి, "ఇంక పుటప్ చేసేదేమీ లేదు" అని పెన్ను నాకిచ్చాడు. ఆయన కూడా లేకుండా పోయాక ఇల్లు అమ్మేశాం. ఇప్పుడు అక్కడ మూడంతస్తుల లాడ్జి ఉంది. రాత్రిపూట పోతే బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంటుంది. ఆ చోట డబ్బులిచ్చి దిగుతున్నారన్నమాట జనం.

చుట్టాల అలవాటు కూడా మారిపోయింది. శ్రీనివాసం, విష్ణునివాసం అని దేవస్థానం వసతి గృహాలు వచ్చాయి, ఆన్‌లైన్లో గది దొరుకుతుంది. ఎవరూ ఎవరినీ ఇబ్బంది పెట్టదలచుకోరు. అమ్మకు ఇప్పటికీ దీని మీద పెద్ద కోపం. తిరుపతికి పోయొచ్చిన ప్రతివాళ్లనూ ఫోన్లో "యాడ దిగినారు?" అని అడుగుతుంది, అక్కడేదో తన ఇల్లు ఇంకా ఉన్నట్టు. వాళ్లు లాడ్జి పేరు చెబితే కాసేపు మాట్లాడదు. ఆమె ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఇది రెండు పడగ్గదుల ఫ్లాట్. ఇల్లు అమ్మినప్పుడు ఆమె సామాన్లలో తెచ్చుకున్నవి ఊరగాయ జాడీలు, దేవుడి పటాలు, నాలుగు చాపలు. ఆ చాపలు తలుపు వెనక చుట్టపెట్టి ఉన్నాయి. పారేద్దామని రెండుసార్లు అని, రెండుసార్లూ తిట్లు తిన్నాను.

పోయిన ఏడాది జూన్‌లో ఒక రాత్రి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బొంబాయి మామ మనవడు. చివరిసారి చూసినప్పుడు వాడికి పాలపళ్లు. ఏదో ట్రైనింగుకు బెంగళూరు వస్తున్నాడట. 'ఆంటీ, కెన్ యు పుట్ మి అప్ ఫర్ ఎ వీక్?' 'మి' సరిగ్గా రెండు తలుపుల నడుమ ఉంది.

తప్పకుండా రమ్మని జవాబు కొట్టాను. 'వి విల్ బి హ్యాపీ టు పుట్ యు అప్.' పంపే ముందు కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసుకున్నాను, విత్ ఎక్కడైనా దూరిందేమోనని.

"ఎవరు, ఈ పొద్దుగాల?" అంది అమ్మ మంచం మీద నుంచి. రాత్రి పదకొండు దాటింది. ఆమెకు ఏ పొద్దయినా ఒకటే ఇప్పుడు.

"బొంబాయి మామ వాళ్లు మా. మన ఇంట్లో దిగుతారంట."

ఆమె లేచి కూర్చుంది. "ఎంతమందంట?"

"ఒకడే."

"ఒకడేనా?" అని మళ్లీ అడిగింది, నేను ఉత్తరం సరిగ్గా చదవలేదేమో అన్నట్టు.